బాల్కనీలో ధనియాల కథ

కార్తీకం వచ్చిందంటే మోతెలో మా పెరట్లో చిక్కుడు పందిరి, మెంతికూర మడి ఉండాల్సిందే. "హైదరాబాద్ వచ్చెయ్యమ్మా" అంటే, "ఆడ మట్టేదిరా?" అంటది ఒక్కతే ఉంటున్న అమ్మ. ఈసారి పంతం పట్టా. ఖాళీ పెయింటు బకెట్లకు అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి ధనియాలు చల్లా. రెండు వారాలైనా ఒక్క మొలకా లేదు! ఫోన్ చేస్తే, "నలిపి బద్దలు చేసి నానబెట్టాలని తెల్వదా ఇంజినీరు సారూ?" అని తిట్టింది. రెండోసారి మొలిచాయి. మెంతులైతే నాలుగో రోజుకే పైకొచ్చాయి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలతాడు కదా, మా దక్షిణపు బాల్కనీకి ఎండ బాగానే తగుల్తోంది. టమాటా నారు సంగతి మాత్రం అడక్కండి :(

పండగ అయ్యాక వస్తానంది అమ్మ. నాలుగు రోజులేనట. తోటకూర విత్తనాలు తెస్తుందట. ఇంకో రెండు బకెట్లు వెతకాలి.