యమభటురాలికి జ్యూస్ డబ్బా

ఏమండీ, అన్నాలయ్యాయా? అయితే కాస్త ఇలా రండి. బయట మంచు మోకాళ్ళ దాకా పేరుకుంది. ఇవాళ ఎడిసన్‌లో ఎవరూ ఎక్కడికీ కదిలేది లేదు. హీటరు పక్కన మీకో కుర్చీ వేసి ఉంచాను. ఒక కబురు చెప్పాలి. నిన్న రాత్రి నుంచీ నోట్లో ఆగట్లేదు.

నిన్న మేం బ్లీచ్ చూశాం. బట్టలకేసే బ్లీచు కాదండీ బాబూ! జపాను వాళ్ళ బొమ్మల సీరియలు. యానిమే అంటారు. మీ ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే దాని చప్పుడు మీకు తెలిసే ఉంటుంది. తలుపేసిన గదిలోంచి కత్తుల ఖణేల్ ఖణేల్‌లూ, జపనీసు కేకలూ వినపడతాయే, అదే. "ఒరేయ్, సౌండు తగ్గించు" అని హాల్లోంచి అరవడమే గానీ, వాడేం చూస్తున్నాడో ఒక్కనాడైనా లోపలికి తొంగి చూశారా? చూడలేదు కదూ? చూసి ఉంటే మీరూ ఆ మంచం అంచునే కూలబడేవారు.

మా చెల్లెలి కొడుకు న్యూ బ్రన్స్‌విక్‌లో చదువుకుంటున్నాడు. సెలవులకని మా ఇంటికొస్తూ లైబ్రరీలోంచి పాత డీవీడీ ఒకటి పట్టుకొచ్చాడు. "పెద్దమ్మా, నీకు నచ్చకపోతే వారం రోజులు గిన్నెలు నేనే తోముతా" అని పందెం. గిన్నెలు నేనే తోముకుంటున్నాను, ఏం చెప్పమంటారు!

అది మొదటి సంపుటం. అందులో ఉన్నవి నాలుగంటే నాలుగే ఎపిసోడ్లు. శాన్ ఫ్రాన్సిస్కోలోని విజ్ మీడియా వాళ్ళు 2006 నవంబరులో ఇక్కడ అమెరికాలో విడుదల చేశారు. అదే ఏడు సెప్టెంబరు నుంచి టీవీలో అడల్ట్ స్విమ్‌లో శనివారం అర్ధరాత్రి వేసేవారట. పిల్లలు దుప్పట్లో దూరి, అమ్మానాన్నలకు వినపడకుండా చూసేవారన్నమాట. ఆ పిల్లలకిప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఈ సీరియలు జపానులో 2004 నుంచి 2012 దాకా 366 ఎపిసోడ్లు నడిచింది. నాలుగేసి చొప్పున కొనుక్కుంటూ పోతే ఎన్ని బిళ్ళలవుతాయో లెక్కేశారా? నేను వేశాను. తొంభై రెండు! ఒకటో తారీఖు నుంచీ చందమామ కోసం పోస్టుమాన్ సైకిలు బెల్లు వింటూ గడిపిన మనకి ఆ ఎదురుచూపు ఒకరు చెప్పాలా? దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియలు సరిగ్గా రాక్షసుడు గుహలోంచి బయటికొచ్చే చోట ఆగిపోతే నెలంతా నిద్రపట్టేదా మీకు?

సరే, కథలోకి వస్తాను. నన్ను తొందరపెట్టకండి.

కుర్రాడి పేరు ఇచిగో కురొసాకి. పదిహేనేళ్ళు. జుట్టు నారింజ తొనల రంగు, మొహం ఎప్పుడూ చిటపటలు. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆవిడా మాతోపాటే కూర్చుంది. ఆవిడకి 'ఇచిగో' నోరు తిరగలేదు, మొదటి నిమిషం నుంచే "ఇదిగో" అనేసింది. "మన ఇదిగోకి దెబ్బ తగిలిందే!" అంటూ చివరిదాకా అదే పేరు. జపనీసులో ఇచిగో అంటే స్ట్రాబెర్రీ అని కూడా వినపడుతుందట. స్ట్రాబెర్రీ కన్నా ఇదిగోనే నయం అంది అమ్మ.

ఈ ఇదిగోకి దయ్యాలు కనపడతాయి. అదొక్కటే అతని ప్రత్యేకత. మొదట్లోనే ఒక చిన్న దృశ్యం ఉంది. వీధి మూల ఒక పూలసీసా. అక్కడ ప్రమాదంలో పోయిన చిన్నపిల్ల కోసం ఎవరో పెట్టారు. స్కేట్‌బోర్డుల మీద తిరిగే పోకిరీలు దాన్ని తన్నేసి పోతుంటే మనవాడు వాళ్ళని చితకబాది, ఆ సీసా ఎవరిదో చూడండిరా అంటాడు. పక్కనే ఆ పిల్ల దయ్యం నిలబడి ఉంటుంది, బిక్కుబిక్కుమంటూ. మళ్ళీ పూలు తెస్తానని ఆ పిల్లకి మాటిస్తాడు. అంతే. రెండు నిమిషాలుంటుందో లేదో. వీడు మంచివాడండీ అని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోయింది.

ఆ రాత్రి ఇచిగో గదిలోకి ఒక నల్ల సీతాకోకచిలుక ఎగిరొస్తుంది. దాని వెనకే గోడలోంచి నల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి, నడుముకి కత్తి. పేరు రుకియా. ఆవిడ షినిగామి. అంటే మృత్యుదేవత. ఎవరి కంటికీ కనపడనన్న ధీమాతో ఎంత ఠీవిగా నడుస్తుందంటే, మా అమ్మ సోఫాలో సర్దుకుని కూర్చుంది. ఇంతలో ఇచిగో లేచి, దొంగ దూరిందనుకుని, వెనకనుంచి ఒక్క తన్ను! ఆ మృత్యుదేవత మొహం చూడాలి మీరు. వీడికి నేను కనపడుతున్నానా అని తెల్లబోయి కింద పడి ఉంటుంది.

"ఇదేమిటే, యమభటురాలా?" అంది అమ్మ.

అదీ మాట! అక్కడే నాకు మొత్తం తలుపులు తెరుచుకున్నాయి. అమెరికా పిల్లలు ఈ సీరియలు చూసి, చావుకి కూడా ఆఫీసూ, డ్యూటీలూ, ఏరియాలూ ఉంటాయా అని ఆశ్చర్యపోయి ఉంటారు. మనకదేం కొత్తండీ? మన సినిమాల్లో యమలోకం ఎప్పుడూ పక్కా కచేరీయే కదా! చిత్రగుప్తుడి చిట్టాలు, భటుల డ్యూటీలు, లెక్కలో తేడాలు. 1977లో యమగోల వచ్చింది. అందులో ఎన్టీఆర్ యముడి కొలువులోకెళ్ళి ఎంత గొడవ చేశాడు! 1994లో యమలీల వచ్చింది. భవిష్యవాణి పుస్తకం పోగొట్టుకుని కైకాల సత్యనారాయణ యముడూ, బ్రహ్మానందం చిత్రగుప్తుడూ భూలోకానికి దిగారు. ఇక్కడ ఐస్‌క్రీము తిని, 'హిమక్రీములు' అని పేరు పెట్టి, యముడు దానికి దాసుడైపోయాడు గుర్తుందా? అంత గంభీరమైన మీసాలూ, అంత పెద్ద కిరీటమూ, చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమూ!

ఇప్పుడు రుకియాని చూడండి. ఆవిడ తన శక్తి ఇచిగోకి ఇవ్వబోయి మొత్తం పోగొట్టుకుంటుంది. ఇక మామూలు అమ్మాయిలా ఇచిగో బళ్ళోనే చేరి మనుషుల మధ్య తిరగాలి. ఒకచోట ఆవిడ చేతికి జ్యూస్ డబ్బా ఇస్తారు. పక్కన స్ట్రా అంటించి ఉంటుందే, ఆ డబ్బా. ఆవిడ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, దీన్ని ఎలా తాగాలి అని అడుగుతుంది. పెద్ద పెద్ద పిశాచాలతో కత్తి దూసిన మనిషి! మా అమ్మ కిసుక్కున నవ్వి, "పాపం, నేనూ విమానంలో అలాగే తిప్పాను" అంది. నాకు ఈ నాలుగు ఎపిసోడ్లలో అన్నిటికన్నా ముద్దొచ్చింది ఆ స్ట్రా దగ్గరే. హిమక్రీముల యముడికి వరసకి మేనకోడలేమో అనిపించింది.

ఆవిడ వేసే బొమ్మలు ఇంకొక ఎత్తు. పిశాచాలేమిటో, మంచి ఆత్మలేమిటో ఇచిగోకి వివరించాలని స్కెచ్ పెన్నుతో బొమ్మలు గీసి చూపిస్తుంది. అన్నీ కుందేళ్ళే! పిశాచం కూడా కుందేలే. నీ బొమ్మలు ఘోరంగా ఉన్నాయని ఇచిగో అన్నాడో లేదో, అదే పెన్నుతో వాడి మూతి మీద మీసాలు గీసేస్తుంది. ఆ తర్వాత మకాం ఎక్కడనుకున్నారు? ఇచిగో గదిలో బట్టల అలమరలో! వాడి చెల్లెలి నైటు డ్రెస్సు ఎత్తుకొచ్చి వేసుకుని, తలుపు సర్రున జరిపి బయటికి తల పెడుతుంది. చెల్లెలేమో నా డ్రెస్సు చూశావా అన్నయ్యా అని ఇల్లంతా వెతుకుతుంటుంది.

ఇచిగో వాళ్ళ నాన్న సంగతి చెప్పలేదు కదూ. డాక్టరు. ఇంటికి ఆనుకునే చిన్న ఆసుపత్రి. కొడుకు రాత్రి భోజనం వేళకి రాకపోతే గుమ్మంలోనే ఎగిరి తన్నుతాడు. అమ్మకి ఈయన నచ్చలేదు. "డాక్టరై ఉండి ఆ గెంతులేమిటి" అంది. నాకు మాత్రం నచ్చాడు. గోడ మీద భార్య ఫొటో ఎంత పెద్దది పెట్టుకున్నాడో చూశాక మరీ నచ్చాడు.

కత్తియుద్ధాల మాట అంటారా? నిజం చెప్తాను, ఈ బిళ్ళలో యుద్ధాలు అంత గొప్పగా లేవు. కుర్రాడి చేతికి వాడంత కత్తి వచ్చింది గానీ దాన్ని తిప్పడం ఇంకా రాదు. మొదటి పోరాటం చూస్తుండగానే ముగిసిపోతుంది. మా వాడేమో అసలు యుద్ధాలన్నీ ముందున్నాయి పెద్దమ్మా అంటున్నాడు. ఉండనీ. నాకు తొందరేం లేదు. షిరో సగిసు కట్టిన సంగీతం మాత్రం కత్తులు లేనప్పుడు కూడా వినాలనిపించేలా ఉంది.

ఇంతకీ మిమ్మల్ని ఈ చలిలో పిలిచి కూర్చోబెట్టింది రెండో, మూడో ఎపిసోడ్ల కోసం. నెమ్మదిగా వినండి.

ఇచిగో క్లాసులో ఒరిహిమె అనే అమ్మాయి ఉంది. సంచీలోంచి ఉల్లికాడలు పొడుచుకొచ్చేలా సరుకులు మోసుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ తిరిగే పిల్ల. అమ్మానాన్నలు కొట్టి హింసించేవాళ్ళు. అన్నయ్య సోరాకి పద్దెనిమిదేళ్ళు వచ్చీ రాగానే, మూడేళ్ళ చెల్లెల్ని చంకనేసుకుని ఇల్లు వదిలి వచ్చేశాడు. వాడే తల్లీ, వాడే తండ్రీ. ఒకరోజు చెల్లెలికని జడపిన్నులు కొనుక్కొచ్చాడు. చిన్నపిల్లల పిన్నుల్లా ఉన్నాయి, నేను పెట్టుకోనంది. అలిగింది. మర్నాడు పొద్దున అన్నయ్య పనికి బయల్దేరుతుంటే మాట్లాడలేదు. అదే ఆఖరు. దారిలో కారు ప్రమాదం. ఇచిగో వాళ్ళ ఆసుపత్రికే తీసుకొచ్చారు. దక్కలేదు.

ఆ రోజు నుంచీ ఆ పిన్నులు ఒరిహిమె జుట్టుకే ఉన్నాయి. ఆవిడ బొమ్మ ఎక్కడ చూసినా చెవుల పక్కన నీలం పూలలా కనపడతాయి చూడండి, అవే.

ఈ కథలో ఒక నియమం ఉంది. పోయినవాళ్ళు తమవాళ్ళని వదల్లేక ఇక్కడే వేళ్ళాడుతుంటే, కొన్నాళ్ళకి గుండె చోట బొక్క పడి, మొహానికి తెల్లని ముసుగు మొలిచి, పిశాచాలైపోతారు. వాళ్ళని హాలోలంటారు. హాలో మొట్టమొదట వచ్చేది ఎక్కడికనుకున్నారు? తనకి అందరికన్నా ఇష్టమైనవాళ్ళ దగ్గరికే. సోరా అలాగే వచ్చాడు. చెల్లెలు మొదట్లో రోజూ తన పటం ముందు కూర్చుని దణ్ణం పెట్టుకునేది. తర్వాత స్నేహితులొచ్చారు, బడి వచ్చింది, కబుర్లొచ్చాయి, పటం ముందు కూర్చోవడం తగ్గింది. నన్ను మర్చిపోయావు అని వచ్చాడు అన్నయ్య. నేను బాధపడుతుంటే చూసి నువ్వు దిగులు పడతావని, సంతోషంగా ఉన్నట్టు నీకు కనపడాలనే మానేశాను అంటుంది చెల్లెలు.

దండేసిన పటాల ముందు అగరొత్తి వెలిగించే ఇళ్ళలో పుట్టిన మనకి ఇది ఎక్కడ తగులుతుందో చెప్పాలా?

చివరికి అన్నయ్యకి తెలివొస్తుంది. ముసుగు పగిలి పాత మొహం కనపడుతుంది. కత్తి తనే పొడుచుకుని వెళ్ళిపోతున్నవాడికి, ఆ రోజు పొద్దున అనని మాట ఒరిహిమె ఇప్పుడంటుంది. జపనీసులో ఇత్తెరష్షాయ్. ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు ఇత్తెకిమాస్ అంటే, ఇంట్లో ఉన్నవాళ్ళు ఇత్తెరష్షాయ్ అనాలి. మా వాడు దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి తంటాలు పడ్డాడు. గుడ్‌బై కాదు పెద్దమ్మా, హావ్ ఎ గుడ్ డే కూడా కాదు, అంటూ చేతులు తిప్పుతున్నాడు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, వాడి వైపు తిరగను కూడా తిరగకుండా అంది:

"వెళ్ళిరా అంటోందిరా. ఇంకేముంది."

అక్షరాలా అదే! వెళ్ళొస్తాను, వెళ్ళిరా. గడప దాటేవాళ్ళు వెళ్తున్నానంటే మన అమ్మమ్మలు ఊరుకునేవాళ్ళా? వెళ్ళొస్తానని అనిపించేదాకా కదలనిచ్చేవాళ్ళా? ఒకటే మాటకి రెండు దేశాలు. అన్నయ్య ఇక తిరిగి రాడని తెలిసీ ఆ పిల్ల వెళ్ళిరా అంది. మా అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. మళ్ళీ ఒకసారి వేయమంది. వేశాం.

మీరు చూస్తే జపనీసులోనే చూడండి, కింద అక్షరాలు పెట్టుకుని. ఇంగ్లీషులో చూసినా తప్పేం లేదు లెండి. ఇంగ్లీషు ఇచిగోకి గొంతిచ్చిన జానీ యోంగ్ బాష్ ఒకప్పుడు పవర్ రేంజర్స్‌లో నల్ల రేంజరు. మీ పెద్దబ్బాయి చిన్నప్పుడు సోఫా మీంచి దూకింది ఆ ధాటికే. కానీ ఆ ఒక్క మాట కోసం మాత్రం జపనీసు పెట్టండి.

ఇక నాలుగో ఎపిసోడు. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. పంజరంలో ఒక చిలక. ఎవరి చేతికెళ్తే వాళ్ళు చచ్చిపోతున్నారు. చివరికది చాడ్ అనే కుర్రాడి చేతికొస్తుంది. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం పెగలదు. ఇనప దూలం వీపు మీద పడ్డా లేచి నిలబడి, చిలకకేం కాలేదు కదా అని చూసుకుంటాడు. ఆ చిలకలో ఉన్నది ఒక పసివాడి ప్రాణం! అమ్మ సోఫా అంచుకి జరిగింది. నేనూ జరిగాను. అంతలో పాట. అయిపోయింది. నాలుగు ఎపిసోడ్లంటే నాలుగే! కథని సరిగ్గా చిలక నోట్లో పెట్టి తలుపేసేశారు. చిలక సంగతి రెండో బిళ్ళలోనట. ఇదెక్కడి న్యాయమండీ?

అమ్మ మాత్రం ఆగలేదు. "చిలకలో ప్రాణమా, మాకు చెప్తావేంట్రా!" అని మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బాలనాగమ్మ కథ మొదలెట్టింది. మాయల మరాఠీ బాలనాగమ్మని ఎత్తుకుపోవడం, వాడి ప్రాణం ఎక్కడో సముద్రాలవతల చిలకలో ఉండటం, కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దై ఆ చిలక కోసం బయల్దేరడం. 1942లో జెమినీ వాళ్ళు తీసిన సినిమాలో కాంచనమాల ఎలా ఉండేదో అమ్మకి వాళ్ళమ్మ చెప్పిన ముచ్చట్లతో సహా. మా వాడు నోరు తెరుచుకుని విన్నాడు. రాత్రి పన్నెండయింది. సరిగ్గా బాలవర్ధి చెట్టు దగ్గరికి చేరే చోట అమ్మ ఆవులించి, "మిగతాది రేపు" అని లేచి వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఇద్దరూ నా మీద పడ్డారు. ఒకళ్ళకి ఈ చిలక కావాలి, ఇంకొకళ్ళకి ఆ చిలక కావాలి. లైబ్రరీ మంచుకి మూసేశారు. మీ అబ్బాయి దగ్గర ఈ సీరియలు బిళ్ళలు అట్టపెట్టె నిండా ఉన్నాయని ఎవరో అన్నారే? ఒకసారి బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తారా? ఈలోపు నేను టీ పెడతాను, అల్లం దంచే ఉంచాను.