కోసాడ్‌లో ఒక మార్కుల కాగితం

సూరత్ నుంచి అహమ్మదాబాదు వైపు సాగే పాసింజరు రైలు తాపీ నది వంతెన దాటి, ఉత్రాణ్‌లో ఒక నిమిషం నిలిచి, ఆ పైన కోసాడ్ చేరుతుంది. ఒకనాడు పొలాల నడుమ పల్లెగా ఉన్న ఈ ఊరు నేడు సూరత్ నగరంలో కలిసిపోయింది. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం కట్టిన ‘కోసాడ్ ఆవాస్’ భవనాలు ఇక్కడ బారులు తీరి కనిపిస్తాయి. మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో. మా పెద్దమ్మ కూతురు అలా వచ్చిన ఒక ఇంటి కోడలై, చివరకు కోసాడ్‌లో స్థిరపడింది.

జనవరి చలిలో నేను వెళ్ళినప్పుడు, కుశలప్రశ్నలు ముగియకముందే అక్క తన సెల్‌ఫోను నా చేతికిచ్చింది. అందులో ఒక కాగితం ఫొటో. నిండా ఇంగ్లీషు రాత. అడుగున ఒక అంకె: 34.

“చిన్నోడు పంపిండు తమ్మీ. అమెరికాల ఏదో పరీక్షనట. ముప్పై నాలుగు మార్కులేనా? ఫెయిలయిండా?” అన్నది, గొంతు తగ్గించి.

అనువాదం నా వృత్తి. అయినా ఆ కాగితం చదివాక నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఆమె కొడుకు ఇంట్లో బీరు తయారుచేసి పోటీకి పంపాడు. అది న్యాయనిర్ణేతలు వేసిన మార్కుల పట్టీ. ఆ మాట చెప్పవలసి వచ్చింది గుజరాతులో! 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ ఇక్కడ మద్యనిషేధం అమలులో ఉంది. 2017లో సవరించిన చట్టం ప్రకారం మద్యం తయారుచేసినవారికి పదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఉన్న విషయం చెప్పాను. అక్క ముఖం వాడిపోయింది. “ఇంట్ల కాస్తే ఆడ పోలీసులు పట్టుకోరా?”

ఒకప్పుడు పట్టుకునే అవకాశం ఉండేది. అమెరికాలో 1920లో వచ్చిన మద్యనిషేధం 1933లో తొలగింది గాని, ఇంట్లో బీరు చేసుకోవడం మాత్రం నేరంగానే మిగిలిపోయింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ అడ్డు తొలగింది. ఇద్దరు వయోజనులున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. అయినా కొన్ని రాష్ట్రాలు చాలాకాలం ఒప్పుకోలేదు. చిట్టచివరివైన అలబామా, మిసిసిపీ 2013లో దారికి వచ్చాయి. 1979లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో జాతీయ పోటీ మొదలయింది. న్యాయనిర్ణేతలకు శిక్షణ, పరీక్ష, పట్టా ఇచ్చే సంస్థ 1985లో వెలిసింది.

పోటీ పద్ధతి తెలిస్తే మీకూ ఆశ్చర్యం కలుగుతుంది. సీసాపై పేరు ఉండకూడదు, అంకె మాత్రమే ఉండాలి. ఎవరి సరుకో తెలియకుండానే తీర్పరులు రుచి చూస్తారు. మొత్తం మార్కులు 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. ముప్పై దాటితే ‘చాలా బాగుంది’ అన్న వర్గంలో చేరినట్లే.

“అయితే పాసే!” అన్నది అక్క.

కాని ఆ కాగితానికి విలువ అంకె వల్ల రాలేదు, కింద రాసిన వ్యాఖ్యల వల్ల వచ్చింది. బీరులో తడిసిన అట్ట వాసన వస్తే గాలి సోకిందని అర్థం. పచ్చి ఆపిల్ వాసన వస్తే పులియడం పూర్తి కాలేదన్నమాట. మా వాడి సీసాలో కాస్త వెన్న వాసన తగిలిందట. సీసాలకెత్తే ముందు మరి రెండు రోజులు వెచ్చగా ఉంచితే ఈస్టు ఆ వాసనను తానే హరిస్తుందని తీర్పరి ఓపికగా రాశాడు. ముఖం తెలియని మనిషికి ముఖం తెలియని గురువు చెప్పిన పాఠం అది.

మర్నాడు తెల్లవారుజామున అక్క నన్ను నీరా తాగడానికి తీసుకువెళ్ళింది. చలికాలం ఉదయాల్లో సూరత్ వాసులు ఇష్టంగా తాగే ‘నీరో’ ఇది. ఈత, తాటి చెట్ల నుంచి రాత్రి దించిన తీపి రసం. పులియకుండా కుండ లోపల సున్నం పూస్తారు. ఎండ ఎక్కితే అదే కల్లు, అంటే నేరం. సూర్యుడే ఇక్కడ ఆబ్కారీ అధికారి!

అక్క ఒక గుక్క తాగి, నాలుకపై నిలిపి, “పులుపు తగులుతుంది. కుండకు సున్నం తక్కువైంది” అన్నది. అమ్మేవాడు మారు మాట్లాడక మరో కుండ వంచాడు. నల్లగొండ వైపు ఈతచెట్లెక్కిన గీత కార్మికుడి కూతురు ఆమె. ఏ పట్టా లేని తీర్పరి.

మద్యనిషేధాన్ని ఎగతాళి చేయడం తేలిక. కాని 1992లో సారాపై తిరగబడిన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల కష్టం ఎరిగినవారు ఆ పని చేయలేరు. 2009లో అహమ్మదాబాదులో కల్తీసారా తాగి 130 మందికి పైగా మరణించిన సంగతి ఎరిగినవారు మరొకటి కూడా మరువలేరు: చీకట్లో తయారైనదాన్ని రుచి చూసి, “ఇది బాగులేదు, పారబోయి” అని చెప్పే తీర్పరి ఉండడు. ఈ రెండు నిజాలనూ కలిపి మోయడం ఏ చట్టానికైనా కష్టమే.

తిరుగు దారిలో అక్క చాలాసేపు మౌనంగా నడిచింది. ఇంటి మెట్ల దగ్గర ఆగి, “వానికి ఇంగ్లీషుల రాయి తమ్మీ” అన్నది. “తాగుడు ఎక్కువ చెయ్యొద్దని రాయి. ఆ పెద్దమనిషి చెప్పినట్టు రెండు దినాలు ఆగుమని కూడ రాయి.”

కొడుకుకు తెలుగు వచ్చునని ఆమెకు గుర్తు చేయలేదు. ఆమె చెప్పినట్లే రాసి పంపాను.