దాచుకుని వేసుకునే మాత్ర

మా వీధిలో ఎవరి షుగరు ఎంతో తెలుసుకోవడానికి రిపోర్టులు చూడక్కర్లేదు. గోడ దగ్గర కాసేపు నిలబడితే చాలు. వెనకింటి పిన్నిగారికి తిన్నాక 240. ఎదురింటి మాస్టారికి పరగడుపున 130. మాస్టారి బీపీ బిళ్ళ మార్చారన్న సంగతి ఆయన భార్య కంటే ముందు పాలబ్బాయికి తెలిసింది. థైరాయిడ్ బిళ్ళ వేసుకున్నాక ఎంతసేపటికి కాఫీ తాగొచ్చు అన్న విషయంలో అయితే ఇక్కడ రెండు పార్టీలే ఉన్నాయి. ఇన్ని బిళ్ళలు గోడ మీద ఊరేగుతాయి గానీ ఒక రకం బిళ్ళ మాత్రం గోడెక్కదు. అది వక్కపొడి డబ్బాలో ఉంటుంది.

ఉత్తినే అనడం లేదు, నిజంగానే వక్కపొడి డబ్బా. మొన్న పక్కింటి వదినగారు కొంగు చాటునుంచి తీసి చూపించారు. స్టీలు డబ్బా, మూత మీద ఎవరిదో గృహప్రవేశం తేదీ చెక్కి ఉంది. లోపల అట్టల్లోంచి ఊడదీసిన తెల్ల బిళ్ళలు. చిన్నవి కొన్ని, మరీ చిన్నవి కొన్ని.

"సిస్టరుగారూ, వీటిలో పొద్దున వేసేది ఏదో, రాత్రి వేసేది ఏదో కాస్త చెప్పండి."

గవర్నమెంటు ఆస్పత్రిలో మానసిక వార్డు చూసి చూసి రిటైరైనదాన్నే అనుకోండి, పేరు లేని తెల్ల బిళ్ళను చూసి అదేమిటో చెప్పడం ఎవరి తరం?

"అట్టలేం చేశారు?"

"పేరు చూసి కోడలు ఫోన్లో కొట్టి చూస్తుందని నేనే చింపి పారేశాను."

డాక్టరుగారి చీటీ తెప్పించి చూశాను. బిళ్ళలు వదినగారివి కావు, ఆవిడ తమ్ముడివి. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తా. ఏ కష్టమూ కొత్తగా రాలేదట. తిండి మానేశాడు, లెక్కలు తప్పుతున్నాడు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుని గోడ చూస్తున్నాడు. అక్కయ్య దగ్గరుంచుకుని చూపించింది. డిప్రెషన్ అన్నారు. పొద్దున ఎస్సిటాలోప్రామ్, రాత్రికి కొన్నాళ్ళపాటు మాత్రమే క్లోనజెపామ్. అట్టలు చింపేసరికి ఆ రెండూ కలగలిసిపోయాయి. రాత్రి బిళ్ళ పొద్దున వేసుకుని ఆ మనిషి మధ్యాహ్నం దాకా తూగుతుంటే, "మందు మనిషిని చంపేస్తోంది" అని ఇంట్లో అందరూ తీర్మానించేశారు.

దాచడం వల్ల వచ్చే తంటాల్లో ఇది మొదటిది, చిన్నది.

"ఇవన్నీ నిద్రమాత్రలేగా, అలవాటైపోతే?" అన్నారు వదినగారు. ఈ అనుమానం ఆవిడకొక్కరికే కాదు, చదువుకున్నవాళ్ళకీ ఉంది. పైగా అది సగం నిజం కాబట్టే వదలదు. క్లోనజెపామ్, ఆల్ప్రజోలమ్ లాంటివి వేసిన గంటలోపే మనసును మత్తుగా నెమ్మదింపజేస్తాయి, నెలల తరబడి వాడితే అలవాటైపోతాయి, డోసు పెంచమంటాయి. అందుకే వాటిని తక్కువ రోజులకే రాస్తారు. మందుల షాపువాళ్ళు కూడా చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాసుకోవాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ ఆల్ప్రజోలమ్ ఒకటి. అక్కడ కల్లు కాంపౌండ్ల మీద దాడులు చేసి ఒక్కసారిగా మూయించినప్పుడు, తాగడానికి అలవాటుపడ్డవాళ్ళు ఫిట్స్‌తో, వణుకుతో, తమలో తాము మాట్లాడుకుంటూ ఆస్పత్రులకు వరసకట్టారు. వాళ్ళలో చాలామందికి తాము తాగుతున్నది మందుబిళ్ళలని తెలియనే తెలియదు, పాపం.

ఎస్సిటాలోప్రామ్ సంగతి వేరు. దానికి మత్తు లేదు, ఇంకా కావాలనిపించదు. దాని చిక్కల్లా ఏమిటంటే ఆలస్యం. మొదటివారం మేలు కనిపించదు సరికదా, కడుపులో వికారం, తలనొప్పి, కొందరికి కాస్త అసహనం కూడా వస్తాయి. రెండు నుంచి నాలుగు వారాలు ఆగితే గానీ పని మొదలుపెట్టదు. అదైనా ముందు నిద్ర కుదురుతుంది, ఆకలి వేస్తుంది. దిగులు ఆఖర్న కదులుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్ళు "ఈ డాక్టరు మందు పడలేదు" అని ఇంకో డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి ఆకుపసరు దగ్గరికి తిప్పుతారు. నేను చూసినంతలో మందు పనిచెయ్యకపోవడం కంటే, పనిచెయ్యడానికి దానికి గడువివ్వకపోవడమే ఎక్కువ.

"మా తమ్ముడికి బాగానే ఉందండీ ఇప్పుడు. రెండు నెలలైంది. ఇంక మానిపించేద్దామని."

ఇదీ అసలు ప్రశ్న. వదినగారు డబ్బా పట్టుకొచ్చింది పొద్దున బిళ్ళ ఏదో తెలుసుకోవడానికి కాదు, దీనికోసం.

బాగుండడానికి కారణం ఆ మందే కదా అన్నాను. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కైతే, పూర్తిగా కోలుకున్నాక కూడా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు. ముందే మానేస్తే తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. రెండోసారో మూడోసారో వచ్చినవాళ్ళకైతే రెండేళ్ళు, ఆపైన. మానేటప్పుడైనా డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కరోజులో ఆపితే తల తిరుగుతుంది, పిచ్చి కలలొస్తాయి, తలలో చిన్న కరెంటు తగిలినట్టు జివ్వుమంటుందని చెబుతారు కొందరు. అది చూసి "చెప్పానా, అలవాటైపోయిందని" అంటారు చుట్టాలు. చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో సర్దుకుపోయే ఇబ్బంది అది, వ్యసనం కాదు. కానీ అప్పటికే మనిషి బెదిరిపోయి ఆ షాపు వీధికే వెళ్ళడు.

ఇంతసేపు చెవి అప్పగించి ఊరుకోవడం వెనకింటి పిన్నిగారి చరిత్రలోనే లేదు. బట్టలు ఆరేస్తూ ఇటు తిరిగారు. "ఇవన్నీ ఎందుకమ్మా, ముదిరితే షాకులు పెడతారటగా!"

సినిమావాళ్ళ పుణ్యం. నలుగురు పట్టుకుని మంచానికి కట్టేయడం, హీరో గావుకేకలు పెట్టడం, లైట్లు ఆరి వెలగడం. మా వార్డులో షాక్ ట్రీట్‌మెంట్ రోజు పొద్దున్నే గొడవంతా దేని మీద జరిగేదో తెలుసా? పళ్ళ సెట్టు మీద. తీయమంటే ముసలాళ్ళు సిగ్గుపడి తీసేవారు కాదు. ఇంకో గొడవ అరటిపండు మీద. రాత్రినుంచి ఏమీ పెట్టొద్దని పదిసార్లు చెప్పినా, పాపం నీరసంగా ఉన్నాడని చుట్టాలు దుప్పట్లో పెట్టి తినిపించేసేవారు. ఇక ఆ రోజుకి క్యాన్సిల్. ఎందుకంటే ముందు మత్తు డాక్టరుగారు ఇంజెక్షనిచ్చి నిద్రపుచ్చాలి, కండరాలు బిగుసుకోకుండా ఇంకో మందివ్వాలి, కడుపు ఖాళీగా లేకపోతే అది ప్రమాదం. ఆ తరవాత నోట్లో మెత్తటి కట్ట పెట్టి ఇచ్చే కరెంటు కొన్ని సెకన్లే. దానితో వచ్చే ఫిట్టు నిమిషం లోపో, ఆ పైన కాస్తో. పక్కన నిలబడ్డవాళ్ళకి కాలివేళ్ళు కదలడం కనిపిస్తుంది, అంతే. మత్తివ్వకుండా ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది కూడా. లేచాక కాసేపు తికమక, తలనొప్పి ఉంటాయి. ఆ రోజుల నాటి సంగతులు కొన్ని మరుపున పడతాయి, కొందరికి అవి తిరిగి రావు కూడా. ఆ మాట దాచనక్కర్లేదు. కానీ ఇది ఎవరికిస్తారు? మంచినీళ్ళు కూడా మింగకుండా, రెప్ప వెయ్యకుండా బిగదీసుకుని కూర్చుండిపోయినవాళ్ళకి, బతకడమే వద్దనుకున్నవాళ్ళకి. సెలైను మీద వచ్చిన మనిషి కొన్ని విడతలయ్యాక లేచి కూర్చుని "ఉప్మాలో ఉప్పు లేదు" అని వంక పెట్టడం నేను చూశాను.

పిన్నిగారు తగ్గలేదు. "పెళ్ళి చేస్తే పోయేదానికి ఇంత దూరం ఎందుకు తెచ్చుకోవాలి?"

పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అని మనవాళ్ళు సామెత కట్టింది వేళాకోళానికి. దాన్ని ఆవిడ చీటీ మీద రాసిన మందనుకున్నారు. పెళ్ళయిన నెలలోపే మా వార్డుకి వచ్చిన కొత్త పెళ్ళికూతుళ్ళు ఒకరిద్దరు కాదు. అడిగితే అందరిదీ ఒకే కథ. ముందు నుంచీ బైపోలారుకి మందులు వాడుతూ చక్కగా ఉన్న పిల్ల. సంబంధం వచ్చిందని తల్లిదండ్రులు సంగతి దాచారు. అత్తగారి బీరువాలో మాత్రల అట్ట కనిపిస్తే ఎలాగని మానిపించారు. దానికి తోడు మన ముహూర్తాలు ఏ అర్ధరాత్రి దాటాకో వస్తాయి. ఆ జబ్బున్నవాళ్ళకి రెండు మూడు రాత్రుల నిద్ర చెడితే చాలు, ఉన్మాదం రేగడానికి. మందు లేదు, నిద్ర లేదు. పదోరోజుకి పిల్ల ఆగకుండా మాట్లాడుతూ, ఉన్న నగలన్నీ పనిమనిషికి ఇచ్చేస్తూ ఉంటుంది. "దయ్యం పట్టిన పిల్లని అంటగట్టారు" అని అటువాళ్ళు, "దిష్టి తగిలింది" అని ఇటువాళ్ళు. చెప్పి చేస్తే కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, నిజమే. చెప్పకుండా చేస్తే తప్పిపోయేది మందు.

ఇంకోటి. ఈ జబ్బుకి వాడే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి మంచిది కాదు, అవయవలోపాలు రావచ్చు. పిల్లల్ని కనాలనుకునేముందే డాక్టరుకి చెబితే వేరే మందుకి మారుస్తారు. మొగుడికే తెలియని మాత్ర గురించి ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? ఈ జబ్బుకే లిథియం వాడేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. రోహిణి కార్తె ఎండల్లో చెమట కారిపోయి నీళ్ళు తాగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా, ఒంట్లో నొప్పులని డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగినా రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, వాంతులు కనిపిస్తే ఆ పూటే పరిగెత్తాలి. ఇది ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉంటే కదా, "నీళ్ళు తాగావా?" అని అడిగేది!

గుళ్ళో నిద్ర చేయించడం, తాయెత్తు కట్టించడం గురించి నేనెవరితోనూ పేచీ పెట్టుకోను. దణ్ణం దేవుడికి, మాత్ర వేళకి. గొలుసుల మాట ఎత్తితే మాత్రం ఊరుకోను. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన చోట నిప్పంటుకుంటే కట్టేసినవాళ్ళు కట్టేసినట్టే, 28 మంది కాలిపోయారు. ఇప్పుడు గొలుసు వెయ్యడమే నేరం.

పిన్నిగారు కుక్కరు కూత విని లోపలికి వెళ్ళాక వదినగారు గొంతు తగ్గించారు. "మొదట్లో ఒకరోజు వాడు, నేనుండి ఎవరికి లాభం అక్కా అన్నాడు."

"మీరేమన్నారు?"

"శుభం పలకరా అన్నాను. ఇంకా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని."

పుట్టదండీ అన్నాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే కొత్తగా పుట్టేదేమీ లేదు. ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. శుభం పలకమంటే ఆ దారి మూసినట్టే. ఇంకోసారి అలా అంటే అడగండి, తిట్టకుండా వినండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి. బిళ్ళలు మీ దగ్గరుంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. పొలానికి కొట్టే మందు ఇంట్లో ఉంచొద్దు. అర్ధరాత్రి ఏమీ తోచకపోతే 14416కి చెయ్యండి. టెలిమానస్ అంటారు, కేంద్రప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆవిడ నంబరు ఫోన్లో ఎక్కించుకున్నారు, "గ్యాసు కంపెనీ" అని పేరు పెట్టి.

"సోమవారం చూపించాలి. నేనూ లోపలికి వెళ్ళొచ్చా?"

తమ్ముడు సరేనంటే తప్పకుండా వెళ్ళండి. నిద్ర, తిండి, మిల్లు పని ఎలా ఉన్నాయో మీరు చెబితే డాక్టరుగారికి తెలుస్తుంది. ఎన్నాళ్ళు వాడాలని అక్కడ అడగండి, గోడ దగ్గర కాదు. చెయ్యకపోయి ఉంటే థైరాయిడ్, బీ12 పరీక్షలు రాయొచ్చు. అవి తేడాగా ఉన్నా మనిషి ఇలా నీరసించిపోతాడు.

బీ12 అనగానే వదినగారి మొహం విప్పారింది. "అయితే అందరికీ బీ12 తక్కువైందని చెప్పేస్తాను."

"తక్కువో కాదో రిపోర్టు రానివ్వండి."

"వచ్చేదాకా ఎందుకండీ, పిన్నిగారికి ఇప్పుడే చెప్పేస్తే సాయంత్రానికి ఊరంతా ఆవిడే చెప్పేస్తారు."