అమ్మమ్మ చీర... పాపకు పొత్తిగుడ్డ!

‘బారసాల అయ్యేదాకా పాపకు కొత్త గుడ్డ తొడగొద్దే’ అని అమ్మమ్మ పట్టుబడుతుంది. ట్రంకుపెట్టె అడుగునున్న పాత నేతచీర తీసి, చింపి, పొత్తిగుడ్డలు చేస్తుంది. కూతురికి అదంతా చాదస్తం. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇచ్చిన తళతళలాడే గౌన్లు బీరువా నిండా ఉన్నాయి మరి. ముచ్చటపడి ఒకటి తొడిగితే ఏముంది... సాయంత్రానికి మెడ చుట్టూ ఎర్రటి పొక్కులు. మళ్లీ ఆ చీరముక్కే దిక్కయింది! చాలా ఇళ్లలో జరిగేదే ఇది.

పాత చీరలో పెద్ద రహస్యమేమీ లేదు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి గంజీ, రంగూ, మందులూ వదిలిపోయి ఒట్టి నూలు మిగిలిందంతే. కొత్త బట్ట అలా కాదు. ముడతలు పడకుండా ఫార్మాల్డిహైడ్ ఉన్న పూతలు పూస్తారు. మెరుపుకు ఒకటి, మెత్తదనానికి ఒకటి... రంగుల సంగతి సరేసరి. హాని చేస్తాయని కొన్ని రకాల అజో రంగుల్ని మన దేశం 1997లోనే నిషేధించింది.

ఆర్గానిక్ దుస్తులు కొనేవారిలో ఎక్కువమంది చూసుకునేది తమ ఒంటికి కలిగే ఈ సుఖాన్నే. తప్పులేదు. కానీ అసలు లాభం మరొకరిది. పత్తికి కొట్టిన పురుగుమందు చాలావరకు బట్టను ఉడికించి, చలువ చేసేటప్పుడే పోతుంది. కట్టుకునేవారి దాకా వచ్చేది తక్కువ. మరి మిగతాదంతా ఎక్కడికి పోయినట్టు? చేలోకి, చెరువులోకి, మందు కొట్టే మనిషి ఒంట్లోకి! వీపున డబ్బా, ముక్కుకో తువ్వాలు... చాలాచోట్ల ఆ మనిషికున్న రక్షణ అంతే. 1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, అప్పులు తీరక ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగు బెడద కొన్నాళ్లు తగ్గింది. తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడిపోయింది.

ఇప్పటి జనగామ జిల్లాలోని ఎనబావి ఈ గొడవంతా వద్దనుకుంది. చిన్న పల్లె. 2006 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులూ రసాయన ఎరువులూ మానేసింది. వేపగింజల కషాయం, పేడ, పశువుల మూత్రంతోనే సేద్యం. ఒకరిద్దరు కాదు, అందరూ కలిసి మానడమే అక్కడ గొప్ప.

పంట ఒక ఎత్తు, బట్ట మరో ఎత్తు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లే దువ్వెన! గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి అరటి దవ్వలో దాస్తారు. ఆ తర్వాత రాట్నం. మిల్లు లేదు, కరెంటు లేదు. ఇదంతా ఆడవాళ్ల చేతుల మీద నడిచే పని. ఓపికున్న ఆ చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. ఆ బట్టకు ఆర్గానిక్ చీటీ ఉంటుందా అని అడిగితే చెప్పలేం కానీ, దాన్ని తయారుచేసేందుకు ఏ వాగూ రంగు మారదు.

చీటీ అంటే గుర్తొచ్చింది. ‘నేచురల్’, ‘ఎకో’ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఆర్గానిక్ అయిపోదు. జీఓటీఎస్ ముద్ర కింద ‘ఆర్గానిక్’ అని ఉంటే అందులో కనీసం 95 శాతం సేంద్రియ నూలు ఉండాలి. రంగులు, రసాయనాలకూ నిబంధనలుంటాయి. ధర మాత్రం ఎక్కువే. మందులు మానిన తొలి ఏళ్లలో దిగుబడి తగ్గుతుంది, తనిఖీలకు ఖర్చవుతుంది, బీటీ కాని విత్తనం దొరకడమే కష్టం. నాలుగు గౌన్ల బదులు రెండు చాలనుకునే ఇంటికి ఆ బరువు అంతగా తెలియదు.

పాప ఇప్పుడు బోర్లా పడుతోంది. రెండు నూలు జుబ్బాలు మార్చి మార్చి తొడుగుతున్నారు. పొత్తిగుడ్డల్లో చిరిగినవి వంటింట్లో మసిగుడ్డలయ్యాయి. తళతళలాడే గౌను మాత్రం బీరువాలోనే ఉంది... కొత్తగా.