మా తులసి వాడిన కారణము



మా పుట్టినింటి తులసికోటనుండి 2022వ సంవత్సరమున మా అమ్మ తన చేతులతో నొక మొక్కను తీసి నాకిచ్చినది. మరుసటి సంవత్సరమే యామె పరమపదించినది. మావారు ఉపాధ్యాయులు, బదిలీలతో ఊరూర తిరుగు కాపురము మాది. అద్దెయింట కోట కట్టుకొనుటకు వీలులేక ఆ మొక్కను కుండీలో నాటి, వసారాలో ఎండ తగులుచోట నుంచుకొంటిని. ఊరు మారినపుడెల్ల ముందుగా బండి యెక్కునది ఆ కుండీయే.

గడచిన శ్రావణమాసమున ఆ తులసి తల వ్రాల్చినది. ఆకులు పసుపువన్నె దాల్చి రాలసాగెను. దప్పికగొన్నదని తలచి, ఉదయము పూజవేళ పోయు చెంబెడు నీటికి తోడు సాయంకాలమున మరియొక చెంబెడు పోయ మొదలిడితిని. నేను పోసినకొలది అది మరింత వాడెను.

అంతట నా మనస్సు కారణమును వెదకుట మాని దోషిని వెదకసాగినది. మా యింట అంట్లు తోమ వచ్చునామె సబ్బునీళ్ళు కుండీలో పారబోయుచున్నదని నిశ్చయించుకొని, ఇరుగుపొరుగువారు వినుచుండగనే గద్దించితిని. ఆమె కన్నీరు నింపుకొని, "నేను పొయ్యలేదమ్మగారూ! ఆ మన్ను ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోంది. మళ్ళీ మళ్ళీ నీళ్ళెందుకండీ?" అన్నది. ఎదురు చెప్పుచున్నదని మరింత కోపగించితిని. మరునాడామె పనికి రాలేదు.

ఆ దినమున నేనే అంట్లు తోముకొనుచుండగా ఆమె మాట మనస్సున మెదలినది. చేయి కడుగుకొని పోయి, కుండీమట్టిలో వ్రేలు రెండు కణుపుల లోతు దింపి చూచితిని. అంతయు బురద! ఇంటివారి నేల తడవకుండ కుండీక్రింద నేనే యొక పళ్ళెము పెట్టియుంటిని. అందు నీరు నిలిచి కుండీయడుగు మునిగియున్నది.

పాదములతో త్రాగునది గావున చెట్టునకు పాదపమని పేరు వచ్చినదని చిన్ననాడు మా నాన్నగారు అమరము చెప్పుచు బోధించిరి. ఆ పాదములు త్రాగుటయే కాక శ్వాసించుననియు నేను తలపనైతిని. మట్టిరేణువుల సందులలోని గాలియే వేళ్ళకు ప్రాణము. ఆ సందులు నీటితో నిండియే యున్నచో వేళ్ళు ఊపిరాడక కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. కావుననే నీటి నడుమ నిలిచియు నా తులసి దాహముతో వాడినది.

మొక్క వ్రాలినదన్నంతనే చెంబెత్తరాదు. మధ్యాహ్నపుటెండలో వ్రాలి సాయంకాలమునకు తానే తేరుకొన్నచో భయము లేదు. కుండీ తేలికగా నుండి, మట్టి యెండి అంచును వదలినచో అది దాహము. నీరు పోసిన కొన్ని గంటలలో తేరుకొనును. మట్టి తడిగా నుండియు మొక్క వ్రాలినచో వేళ్ళను పరీక్షింపవలెను.

ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా నుండును. మా తులసివేళ్ళు సగము గోధుమవన్నెకు మారి, ముట్టినంతనే జారిపోవుచు దుర్గంధము వేసెను. తులసికి గోరు తగులరాదన్న యింట పెరిగినదానను. కత్తెర పట్టుటకు చేయి వణికినది. నమస్కరించి, శుభ్రముగా కడిగిన కత్తెరతో కుళ్ళిన వేళ్ళను తీసివేసితిని. మిగిలిన కొద్దివేళ్ళు అన్ని యాకులను పోషింపజాలవు గనుక కొమ్మలను మూడవవంతు కత్తిరించి, వెన్నులన్నియు త్రుంచితిని. రెండుపాళ్ళు తోటమన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా మాగిన పశువుల యెరువు కలిపి, అడుగున రంధ్రమున్న క్రొత్తకుండీలో నాటితిని. ఒకమారు నీరు పోసి, వారముదినములు వెలుతురుగల నీడలో నుంచి, పిదప మెల్లగా ఎండకు అలవాటు చేసితిని. కత్తిరించిన కొమ్మలలో ఆరోగ్యముగా నున్న రెండింటిని తడియిసుకలో గ్రుచ్చితిని.

ఇక రెండవ చికిత్స మిగిలినది. నలుగురు వినగా నిందించితిని గావున, ఆమె యింటికి పోయి నలుగురు వినగనే తప్పు నాదని చెప్పితిని. ఆ మాట నోట వచ్చుట వేళ్ళను కోయుటకంటె కష్టమైనది.

మూడవ వారమున తులసికణుపుకడ ఆవగింజంత చిగురు కానవచ్చినది. నేడు పూజవేళ ఉద్ధరిణెడు నీరే సమర్పించి, మట్టి యారినపుడు మాత్రమే చెంబెత్తుచున్నాను. పోయు చేతికి ప్రేమ యొక్కటియే చాలదు. తాకి చూచు నోపికయు కావలెను.

ఆమె తిరిగి పనికి వచ్చుచున్నది. ఇసుకలో వేరూనిన కొమ్మలలో నొకటి ఆమె గుమ్మముకడ నున్నది. మొన్న నవ్వుచు, "మీ తులసమ్మకన్నా మా తులసమ్మే ఏపుగా ఉందమ్మగారూ!" అన్నది. పోయి చూచితిని. నిజమే.