టామీ వయసెంత?

నిన్న రాత్రి అంగళ్లులో కరెంటు పోయింది. ఏమీ తోచక నేనూ మా తమ్ముడూ ఒకటే వాదులాట. వైస్ సిటీ గేములో టామీ వర్సెట్టికి వయసెంత? పాతికేళ్ల కుర్రోడంటాడు వాడు. కొబ్బరిచెట్ల బొమ్మల నీలం చొక్కా చూసి మోసపోయినాడు పాపం.

లెక్క గేములోనే ఉంది. కథ జరిగేది 1986లో. అప్పటికి టామీ పదిహేనేళ్లు జైల్లో ఉండి వచ్చినాడు. అంటే లోపలికి పోయింది 1971లో. ఊరికే పోలేదు, హార్‌వుడ్‌లో పదకొండు మందిని చంపి పోయినాడు. ఆ పనికి ఎంత తక్కువేసుకున్నా ఇరవై ఉండొద్దా? ముప్పై అయిదుకు తగ్గడు. తమ్ముడు నోరు మూసుకున్నాడు. (గేము ఆడింది నెట్ సెంటర్లో, గంటకింతని కట్టి. కథ ఎవురు విన్నారు అప్పుడు!)

పక్కన మంచం మీద మా అవ్వ.

"నీకెన్నేళ్లవ్వా?"

"గాంధీ పోయినప్పుడు మాయమ్మ సంకలో ఉంటిని నాయనా."

అది 1948 జనవరి. సెల్ లైటేసి అవ్వ ఆధార్ కార్డు తీసి చూసినా. పుట్టిన తేదీ 1952 జనవరి 1 అనుంది.

కార్డు లెక్కన గాంధీ పోయిన నాలుగేళ్లకు పుట్టింది మా అవ్వ.