నత్తల లెక్క

అక్వేరియంలోకి నత్తలు సాధారణంగా పిలవకుండానే వస్తాయి. కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో కొన్న మొక్కల కట్ట రైలెక్కి ఖరగ్‌పూర్ చేరేసరికి, ఏదో ఒక ఆకు వెనక జిగురు చుక్క ఒకటి అంటుకుని ఉంటుంది. అందులో గుడ్లుంటాయి. ఫైసా అనే చిన్న నత్తకు జోడీ కూడా తప్పనిసరి కాదు. ఆడా మగా రెండూ తానే. కొద్ది వారాల్లో అద్దం నిండా నత్తలే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లు స్థిరపడిన ఊరిది. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన ఒకాయన ఇంట్లో రెండడుగుల తొట్టె ఉంది. కొడుకు బెంగళూరు వెళ్తూ అప్పగించింది. నత్తలు పెరగ్గానే ఆయన చిటికెడు మైలుతుత్తం వేశారు. రాగి నత్తలకు విషమే, అందులో సందేహం లేదు. కానీ అది రొయ్యపిల్లల్నీ వదలదు, మోతాదు మించితే చేపలకూ మొక్కలకూ ముప్పే. పైగా చచ్చిన నత్తలు ఇసుకలో కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. మూడో రోజుకు నీళ్లు పాలలా మారాయి. గప్పీలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఫోన్‌లో కొడుక్కి ఆ సంగతి చెప్పలేదు.

బెంగాల్ నదుల్లో దొరికే రాణీ మాఛ్ నత్తల్ని ఇష్టంగా తింటుంది. అయితే అది గుంపులో బతికే చేప, రెండడుగుల తొట్టె దానికి ఇరుకు. గుగ్లి వండుకునే పొరుగు బెంగాలీ గృహిణి మాత్రం ఇంత చిన్నవి కూరకైనా పనికిరావని నవ్వేసింది.

అసలు నత్తలు పచ్చని ఆకు జోలికి పెద్దగా పోవు. నాచు, కుళ్లిన ఆకు, చేపలు వదిలేసిన మేత వాటి తిండి. ఇసుకలో దూరే ట్రంపెట్ నత్తలైతే అడుగును కలియబెట్టి మేలే చేస్తాయి. తొట్టెలో నత్తలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయంటే మేత ఎక్కువ పడుతోందన్నమాట. పని లేని మనిషి చెయ్యి మేత డబ్బా మీదకు రోజుకు నాలుగుసార్లు పోతుంది. గాజు దగ్గరికి వెళ్లగానే చేపలు ఎదురొస్తాయి మరి. ఆ ఇంట్లో ఆయన కోసం అలా ఎదురొచ్చేవి అవే. మానుకోమనడం సులువే!

డబ్బా ఇప్పుడు భార్య చేతికి మారింది. మేత రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత. రాత్రి ఉడికించిన క్యాబేజీ ఆకు వేసి, తెల్లారగానే దానికి పట్టిన నత్తలతో సహా తీసేయడం ఆయన వంతు. వాటిని చెరువులోనో కాలువలోనో పారేయకూడదు. ఫైసా అమెరికా నుంచి వచ్చి ప్రపంచమంతా పాకిన రకం. కొత్త మొక్క తెస్తే ముందు పటిక నీళ్లలో నానబెడుతున్నారు. వర్క్‌షాప్ అలవాటు కొద్దీ ఏ రోజు ఎన్ని నత్తలు పట్టాయో నోట్‌బుక్‌లో రాస్తున్నారు. మొదటి రోజు 63. నిన్న 9.